సర్వర్ మెమరీ ఎర్రర్లు: కనిపెట్టడం నుంచి లాగ్ చెరిపేయడం దాకా

సర్వర్ ముందు పలకపై నీలి లైటు పోయి కాషాయ లైటు వెలిగినప్పుడు, మేనేజ్‌మెంట్ తెరలో మెమరీ అన్న వరుస పక్కన పసుపు త్రికోణం కనిపించినప్పుడు, మన ఊళ్లలో సాధారణంగా రెండు పనుల్లో ఒకటి జరుగుతుంది. లాగ్ (యంత్రం రాసుకునే తప్పుల చిట్టా) చెరిపేసి, లైటు మామూలైందని ఊపిరి పీల్చుకోవడం ఒకటి. సర్వర్ ఆపి ర్యామ్ అంతా ఊడదీసి, రబ్బరుతో రుద్ది, ఏది ఎక్కడిదో గుర్తు పెట్టుకోకుండా తిరిగి బిగించేయడం రెండవది. ఏ మాడ్యూల్ (ర్యామ్ పలక), ఏ స్లాట్ (దాన్ని బిగించే చోటు), ఎప్పటి నుంచి అన్న సాక్ష్యం ఈ రెండు పద్ధతుల్లోనూ పోతుంది. అది పోయాక అదే తప్పు మళ్లీ వచ్చినా, వారంటీ కింద మాడ్యూల్ మార్చమని అడగడానికి గానీ, లోపం మదర్‌బోర్డుదని తేల్చడానికి గానీ మన చేతిలో ఆధారం ఉండదు.

గుంటూరు కొత్తపేటలోని ఆసుపత్రులు, ల్యాబ్‌లు, మిర్చి యార్డు చుట్టుపక్కల శీతల గిడ్డంగులు, విజయవాడ ఆటోనగర్‌లోని రవాణా కార్యాలయాలు, కళాశాలలు, ఇలా ఒకటి రెండు సర్వర్లను సొంత గదిలో పెట్టుకుని, పూర్తికాలపు హార్డ్‌వేర్ నిపుణుడు లేకుండా నడుపుకునే సంస్థలను దృష్టిలో ఉంచుకుని ఈ మార్గదర్శిని రాస్తున్నాను. లాగ్ చెరపడం ఇందులో దాదాపు చివరి మెట్టు. ఆ వరుస మారకూడదన్నదే ఇక్కడ ప్రధానంగా చెప్పదలచిన మాట.

దిద్దగల ఎర్రర్, దిద్దలేని ఎర్రర్

సర్వర్లలో వాడే ఈసీసీ (ఎర్రర్ కరెక్టింగ్ కోడ్) మెమరీ, డీడీఆర్4 అనే తరం దాకా, ప్రతి 64 బిట్ల సమాచారానికీ తోడుగా 8 తనిఖీ బిట్లను దాచుకుంటుంది. బెల్ ల్యాబ్స్‌లో పనిచేసిన రిచర్డ్ హామింగ్ 1950లో ప్రచురించిన గణిత పద్ధతి దీనికి మూలం. ఒక్క బిట్ తారుమారైతే మెమరీ కంట్రోలర్ దాన్ని అక్కడికక్కడే సరిచేసి, లెక్కలో ఒకటి కలుపుకుని సాగిపోతుంది. దీన్నే కరెక్టబుల్ ఎర్రర్, అంటే దిద్దగల ఎర్రర్ అంటాం. రెండు బిట్లు ఒకేసారి చెడితే, చెడిందని చెప్పగలదే తప్ప ఏవి చెడ్డాయో తేల్చలేదు. అది అన్‌కరెక్టబుల్, అంటే దిద్దలేని ఎర్రర్. ఇప్పటి సర్వర్ ప్రాసెసర్లు ఇంకొంత ముందుకు వెళ్లి, ఒక మెమరీ చిప్ పూర్తిగా పోయినా తట్టుకునే ఏర్పాట్లు కలిగి ఉన్నాయి. ఐబీఎం దీన్ని చిప్‌కిల్ అనీ, ఇంటెల్ ఎస్‌డీడీసీ అనీ పిలుస్తాయి. కొత్త తరమైన డీడీఆర్5 చిప్‌ల లోపల ఉండే ఆన్-డై ఈసీసీని మాత్రం దీనితో కలిపి చూడకూడదు. అది చిప్ లోపలే తన పని తాను చేసుకుంటుంది. చిప్‌కూ ప్రాసెసర్‌కూ మధ్య దారిలో జరిగే తప్పులకు అది కాపలా కాదు. కాబట్టి "డీడీఆర్5 అంటేనే ఈసీసీ" అని దుకాణంలో ఎవరైనా చెబితే నమ్మవద్దు.

ఎర్రర్లన్నీ చెడిపోయిన చిప్ వల్లే రావు. 1970ల చివర్లో ఇంటెల్‌లో టిమోథీ మే, ముర్రే వుడ్స్ చిప్ ప్యాకేజీ పదార్థంలోని అతి స్వల్ప రేడియోధార్మికత కూడా బిట్లను తిప్పేయగలదని చూపించారు. అంతరిక్షం నుంచి వచ్చే కిరణాల వల్ల పుట్టే న్యూట్రాన్లదీ అదే ప్రభావం. అలాంటి తప్పు ఒకసారి వచ్చి పోతుంది. అయితే గూగుల్ తన సర్వర్ల సమాచారంతో 2009లో వెలువరించిన అధ్యయనంలో, ఏడాది కాలంలో 8 శాతానికి పైగా మాడ్యూళ్లలో దిద్దగల ఎర్రర్లు కనిపించాయి. ఒకసారి తప్పు చూపిన మాడ్యూల్ అదే నెలలో మళ్లీ తప్పు చూపే అవకాశం మిగతావాటికన్నా ఎన్నో రెట్లు ఎక్కువని కూడా తేలింది. అందువల్ల ఒక్క ఎర్రర్‌కే కంగారు పడనక్కర్లేదు గానీ, అదే మాడ్యూల్ రెండోసారి కనిపిస్తే ఇక దాన్ని అనుమానితుల జాబితాలో చేర్చవలసిందే. దిద్దలేని ఎర్రర్ ఒక్కటి వచ్చినా సరే, "చూద్దాం" అన్న మాటకు తావు లేదు. ఆ రోజే సర్వర్ ఆపే సమయాన్ని ఖరారు చేసుకోవాలి.

మొదటి మెట్టు: ముట్టుకోకముందు రాసుకోవడం

ముందుగా బ్యాకప్ తీయండి, తీసిన బ్యాకప్ తెరుచుకుంటుందో లేదో చూడండి. దిద్దలేని ఎర్రర్ వచ్చి ఉంటే డేటాబేస్‌ను కూడా తనిఖీ చేయాలి. ఎస్‌క్యూఎల్ సర్వర్ వాడేవారికి డీబీసీసీ చెక్‌డీబీ ఆదేశం ఉంది, జెడ్‌ఎఫ్‌ఎస్ ఫైల్ సిస్టమ్ వాడేవారికి స్క్రబ్ ఉంది. పాత మంచి బ్యాకప్ మీద కొత్త బ్యాకప్‌ను రాయవద్దు. కొత్తదాంట్లో ఇప్పటికే పాడైన సమాచారం ఉండవచ్చు.

తర్వాత బీఎంసీలోని లాగ్‌ను, అంటే సర్వర్ ఆపరేటింగ్ సిస్టమ్‌తో సంబంధం లేకుండా పనిచేసే మేనేజ్‌మెంట్ కంట్రోలర్ రాసుకునే సిస్టమ్ ఈవెంట్ లాగ్‌ను, ఫైలుగా దించుకోవాలి. డెల్‌లో ఐడ్రాక్, హెచ్‌పీఈలో ఐలో, లెనోవోలో ఎక్స్‌క్లారిటీ కంట్రోలర్ ద్వారా ఇది బ్రౌజర్‌లోనే దొరుకుతుంది. లినక్స్ టెర్మినల్ అలవాటు ఉన్నవారు ఐపీఎంఐటూల్‌లో "సెల్ ఈలిస్ట్" ఆదేశంతో చదివి, "సెల్ సేవ్" ఆదేశంతో ఫైలులో దాచుకోవచ్చు. వారంటీ ఉన్న యంత్రమైతే కంపెనీవారు అడగకముందే డెల్‌లో సపోర్ట్‌అసిస్ట్ కలెక్షన్‌ను, హెచ్‌పీఈలో యాక్టివ్ హెల్త్ సిస్టమ్ లాగ్‌ను తీసి పెట్టుకోండి. విడిభాగం హైదరాబాద్ నుంచి రావలసి వచ్చినప్పుడు, ఈ ఫైళ్లు మొదటి ఫోన్‌కే చేతిలో ఉంటే ఒక రోజు కలిసి వస్తుంది.

ఇక్కడ ఒక చిన్న విషయం చాలామందిని తికమక పెడుతుంది. చాలా సర్వర్లలో బీఎంసీ గడియారం యూటీసీ (ప్రపంచ ప్రామాణిక సమయం) ప్రకారం నడుస్తుంది. అంటే మన గడియారానికి ఐదున్నర గంటలు వెనుక. లాగ్‌లో ఉదయం 8:40 అని ఉన్న ఎర్రర్ నిజానికి మధ్యాహ్నం 2:10కి వచ్చింది. కరెంటు పోయి జనరేటర్ అందుకున్న సమయానికీ, ఏసీ ఆగిన సమయానికీ ఎర్రర్‌కూ సంబంధం ఉందేమో చూడాలంటే ముందు ఈ తేడాను కలుపుకోవాలి. కలపకుండా పోల్చి, "ఆ సమయంలో గదిలో ఏమీ జరగలేదు" అని తేల్చేస్తే అసలు కారణం చేజారుతుంది.

చివరగా ప్రతి స్లాట్‌లో ఏముందో పట్టిక రాసుకోవాలి: స్లాట్ పేరు, పరిమాణం, తయారీదారు, పార్ట్ నంబరు, సీరియల్ నంబరు. లినక్స్‌లో డీఎంఐడీకోడ్‌ను మెమరీ రకంతో నడిపితే ఇవన్నీ పెట్టె తెరవకుండానే వస్తాయి. సీరియల్ నంబరు తప్పనిసరి. తర్వాత మాడ్యూళ్ల చోట్లు మార్చినప్పుడు, స్లాట్ పేరుతో రాసుకున్న చరిత్ర అంతా ఆ ఒక్క అంకె లేకపోతే పనికిరాకుండా పోతుంది.

రెండవ మెట్టు: లాగ్ ఏం చెబుతోంది

లినక్స్ కెర్నల్‌లో ఎడాక్ అనే విభాగం మెమరీ ఎర్రర్లను లెక్కిస్తుంది. ఎడాక్-యుటిల్ నడిపితే కంట్రోలర్ వారీగా దిద్దగలవి ఎన్నో, దిద్దలేనివి ఎన్నో కనిపిస్తాయి. ఈ లెక్కలు రీబూట్‌తో పోతాయి. అందుకే రాస్‌డీమన్ అనే సేవను శాశ్వతంగా నడుపుకోవడం మంచిది. అది ప్రతి ఎర్రర్‌నూ ఒక ఎస్‌క్యూలైట్ డేటాబేస్‌లో రాసి పెడుతుంది, రాస్-ఎంసీ-సీటీఎల్ ఆదేశంతో ఎప్పుడైనా చదువుకోవచ్చు. విండోస్ సర్వర్‌లో ఈవెంట్ వ్యూయర్ తెరిచి, సిస్టమ్ లాగ్‌లో డబ్ల్యూహెచ్‌ఈఏ-లాగర్ పేరుతో వచ్చినవాటిని వెతకాలి. వర్చువల్ యంత్రాలను నడిపే వీఎంవేర్ ఈఎస్‌ఎక్స్‌ఐ ఉన్నచోట ఊదారంగు తెరతో యంత్రం ఆగిపోయి, అందులో మెషీన్ చెక్ అన్న మాట ఉంటే, ఆ తెరను ఫోన్‌తో ఫోటో తీయకుండా రీసెట్ బటన్ నొక్కవద్దు.

ఒక హెచ్చరిక. కొన్ని సర్వర్లలో బయోస్ (ఆపరేటింగ్ సిస్టమ్ కన్నా ముందు యంత్రాన్ని లేపే ప్రోగ్రాము) మెమరీ ఎర్రర్లను ముందు తానే అందుకుని, ఒక హద్దు దాటాకే బయటికి చెబుతుంది. అలాంటి యంత్రాల్లో ఎడాక్ లెక్క సున్నా చూపినా మెమరీ శుభ్రంగా ఉందని అర్థం చేసుకోకూడదు. బీఎంసీ లాగ్‌ను, ఆపరేటింగ్ సిస్టమ్ లాగ్‌ను పక్కపక్కన పెట్టి చదివితేనే నిజం తెలుస్తుంది. అలాగే ఎడాక్ ఇచ్చే కంట్రోలర్, చానల్ (ప్రాసెసర్ నుంచి స్లాట్లకు వెళ్లే దారి) నంబర్లు బోర్డు మీద అచ్చువేసిన ఏ1, బి4 వంటి పేర్లతో అన్నిసార్లూ సరిపోలవు. ఏ మాడ్యూల్‌ను తీయాలో నిర్ణయించేటప్పుడు బీఎంసీ చెప్పిన స్లాట్ పేరునే ప్రమాణంగా తీసుకోండి.

లాగ్‌లో సంఖ్య కన్నా తీరు ముఖ్యం. తప్పులన్నీ ఒకే స్లాట్‌లో, దాదాపు ఒకే చిరునామాలో వస్తుంటే చిప్‌లో ఒక కణమో ఒక వరుసో బలహీనపడింది. ఒకే స్లాట్‌లో, చిరునామాలు మాత్రం చెల్లాచెదురుగా ఉంటే మొత్తం చిప్‌నో, స్లాట్‌లో సరిగా తగలని కాంటాక్టునో అనుమానించాలి. ఒకే చానల్‌లోని రెండు స్లాట్లూ తప్పు చూపిస్తే, రెండు మాడ్యూళ్లు ఒకేసారి చెడడం అరుదు గనుక, చూపు ప్రాసెసర్ సాకెట్ వైపు మళ్లాలి. ఇప్పటి ప్రాసెసర్లలో మెమరీ కంట్రోలర్ ప్రాసెసర్ లోపలే ఉంటుంది. సాకెట్‌లో వంగిన ఒక్క పిన్ను, లేదా హీట్‌సింక్ స్క్రూలు ఒకవైపు వదులుగా ఉండటం, అచ్చం ర్యామ్ చెడినట్టే కనిపిస్తుంది. ఇటీవల ప్రాసెసర్‌నో హీట్‌సింక్‌నో ఎవరైనా తీసి పెట్టారా అని అడగడం మరవవద్దు. ఇక అన్ని చానళ్లలోనూ ఒకేసారి తప్పులు మొదలైతే వేడి, విద్యుత్ సరఫరా, ఈమధ్య మారిన బయోస్, ఈ మూడింటినీ చూడాలి.

మూడవ మెట్టు: పెట్టె తెరవకుండా చేయగలిగినవి

బయోస్‌లో ప్యాట్రోల్ స్క్రబ్ ఆన్‌లో ఉందో లేదో చూడండి. ఇది ఖాళీ సమయంలో మెమరీ అంతా వరుసగా చదువుతూ, దిద్దగల తప్పులను దిద్దలేనివిగా ముదరకముందే సరిచేస్తుంది. బయోస్ పాతదైతే తయారీదారు విడుదల చేసిన కొత్త వెర్షన్ వివరాలు చదవండి. మెమరీ ఎర్రర్ల హద్దులు, స్వయం మరమ్మతు పద్ధతులు బయోస్ ద్వారానే మెరుగవుతుంటాయి. అయితే బయోస్ మార్చిన రోజునే మాడ్యూళ్ల చోట్లు కూడా మార్చవద్దు. ఏ మార్పు వల్ల ఫలితం వచ్చిందో తేలదు.

డీడీఆర్4 నుంచి మెమరీ చిప్‌లలోనే కొన్ని అదనపు వరుసలు ఉంటాయి. బలహీనపడిన వరుస స్థానంలో అదనపు వరుసను శాశ్వతంగా కలిపే పద్ధతిని పోస్ట్ ప్యాకేజ్ రిపేర్ అంటారు. ఈ సౌకర్యం ఉన్న సర్వర్లు దిద్దగల ఎర్రర్లు హద్దు దాటినప్పుడు "తదుపరి రీబూట్‌లో మరమ్మతు చేస్తాను" అని లాగ్‌లో రాస్తాయి. ఆ సందేశం కనిపిస్తే మాడ్యూల్‌ను కదపకుండా అదే స్లాట్‌లో ఉంచి ఒకసారి రీబూట్ చేయండి. ముందే ఊడదీసి వేరే స్లాట్‌లో పెడితే ఆ మరమ్మతు జరగకపోవచ్చు. మరమ్మతు విజయవంతమైందని లాగ్‌లో వచ్చి, ఎర్రర్లు ఆగిపోతే పెట్టె తెరిచే పనే ఉండదు.

మాడ్యూల్ రావడానికి సమయం పట్టేటప్పుడు లినక్స్‌లో మరో తాత్కాలిక మార్గం ఉంది. తప్పు పదేపదే ఒకే పేజీలో (మెమరీలోని ఒక చిన్న ముక్కలో) వస్తుంటే, ఆ పేజీని సాఫ్ట్ ఆఫ్‌లైన్ చేసి కెర్నల్ వాడకుండా పక్కన పెట్టవచ్చు. రీబూట్ చేస్తే ఆ ఏర్పాటు పోతుంది, కాబట్టి దీన్ని విడిభాగం వచ్చేదాకా నెట్టుకురావడానికి మాత్రమే వాడాలి.

నాలుగవ మెట్టు: పెట్టె తెరిచి చూడటం

సర్వర్‌ను పద్ధతిగా షట్‌డౌన్ చేసి, రెండు పవర్ కేబుళ్లూ తీసేయాలి. ఒక్కటి మిగిలినా బోర్డులో స్టాండ్‌బై విద్యుత్ ఉంటుంది. కేబుళ్లు తీశాక పవర్ బటన్‌ను కొన్ని సెకన్లు నొక్కి పట్టుకుని, బోర్డు మీది చిన్న దీపాలు పూర్తిగా ఆరేదాకా ఆగండి. మణికట్టుకు యాంటీ-స్టాటిక్ పట్టీ కట్టుకుని, దాని క్లిప్పును రంగు లేని లోహపు చట్రానికి తగిలించాలి. "మనది ఉక్కపోత ఊరు, స్టాటిక్ రాదు" అని కొందరు అంటారు. రాత్రింబవళ్లు ఏసీ నడిచే గదిలో గాలి పొడిగానే ఉంటుంది, ఆ మాటను లెక్కలోకి తీసుకోవద్దు. మూత లోపలి వైపు అతికించిన పటంలో స్లాట్ల పేర్లు ఉంటాయి. ఏదైనా కదిపే ముందు మొత్తం మెమరీ వరుసలకు ఫోటో తీయండి.

మిర్చి యార్డు దగ్గరి కార్యాలయాల్లో సర్వర్ తెరిచినప్పుడు మూత కింద కనిపించేది మామూలు బూడిదరంగు దుమ్ము కాదు. ఫ్యాన్ రెక్కల అంచుల మీద, హీట్‌సింక్ సందుల్లో, మాడ్యూళ్ల మధ్య గాలి దారుల్లో ఎర్రటి సన్నని పొడి మెత్తగా పేరుకుని ఉంటుంది. సరుకు ముమ్మరంగా వచ్చే ఫిబ్రవరి, మార్చి, ఏప్రిల్ నెలల్లో ఇది మరీ ఎక్కువ. బ్లోయర్ పెట్టిన మరుక్షణం ఘాటు గదంతా కమ్ముకుని, కళ్లు మండి, ఊపిరాడక పని మధ్యలో ఆగిపోతుంది. యంత్రాన్ని వరండాలోకి తెచ్చి, మాస్కు, కళ్లద్దాలు పెట్టుకుని, గాలి వాలు చూసుకుని నిలబడి బ్లోయర్ వాడాలి. ఆ సమయంలో ఫ్యాన్ రెక్కలు తిరగకుండా వేలితో పట్టుకోండి, లేకపోతే ఫ్యాన్ బేరింగ్ దెబ్బతింటుంది. నోటితో ఊదడం మాత్రం ఎప్పుడూ చేయవద్దు. ఊపిరిలోని తేమ ఆ పొడిని బంగారు పూత ఉన్న అంచులకు అతికిస్తుంది.

అనుమానం ఉన్న మాడ్యూల్‌ను తీయడానికి రెండు చివరల గొళ్లాలను ఒకేసారి బయటికి నొక్కి, అంచులను మాత్రమే పట్టుకుని నిటారుగా పైకి తీయాలి. కాంటాక్టులను వెలుతురులో ఏటవాలుగా పట్టుకుని చూస్తే, శుభ్రమైనవి ఒకే తీరుగా మెరుస్తాయి. మురికి పట్టినచోట మసక గీతలా కనిపిస్తుంది. వాటిని పెన్సిల్ రబ్బరుతో రుద్దే అలవాటు మన దుకాణాల్లో బాగా పాతుకుపోయింది. ఆ పూత చాలా పలచన. రబ్బరు దాన్ని అరగదీస్తుంది, రుద్దుడుతో స్టాటిక్ పుడుతుంది, రాలిన రబ్బరు పొట్టు స్లాట్‌లో చేరుతుంది. రుద్దాక కొద్దిరోజులు బాగా నడవడానికి కారణం చాలావరకు తీసి తిరిగి బిగించడమే. బదులుగా 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో కొద్దిగా తడిపిన, నూలు రాలని గుడ్డతో ఒకే దిశలో తుడిచి, పూర్తిగా ఆరనివ్వండి. స్లాట్ లోపల టార్చి వేసి వంగిన పిన్ను గానీ పొట్టు గానీ ఉందేమో చూడండి. అందులోకి లోహపు వస్తువు ఏదీ పెట్టవద్దు.

తిరిగి పెట్టేటప్పుడు గాడి చూసుకుని, రెండు చివరలనూ బొటనవేళ్లతో సమానంగా నొక్కితే గొళ్లాలు తమంతట తామే టక్కున మూసుకోవాలి. 288 పిన్నులు ఒకేసారి దిగాలి కాబట్టి కొంచెం బలం అవసరమే. గొళ్లాన్ని చేత్తో మూసి మాడ్యూల్‌ను కిందికి లాగే ప్రయత్నం చేస్తే ఒకవైపు ఎత్తుగా ఉండిపోతుంది.

ఐదవ మెట్టు: చోటు మార్చి తేల్చుకోవడం

నిర్ధారణలో అన్నిటికన్నా విలువైన పరీక్ష ఇది, దీనికి ఒక్క రూపాయి ఖర్చు లేదు. ఏ3లో ఎర్రర్ వస్తోందనుకుందాం. ఏ3లోని మాడ్యూల్‌ను, రెండవ ప్రాసెసర్ వైపు బి3లో ఉన్న, ఎన్నడూ తప్పు చూపని, అదే పరిమాణం, అదే ర్యాంకు (కలిసి ఒకేసారి పనిచేసే చిప్‌ల గుంపుల సంఖ్య) గల మాడ్యూల్‌తో మార్చండి. మరేదీ కదపవద్దు. సర్వర్ ఆన్ చేసి ఎప్పటి పనిభారంతోనే నడపండి. మెమరీ అమరిక మారినప్పుడు యంత్రం ప్రతి మాడ్యూల్‌తో సమయాలను మళ్లీ సరిచూసుకుంటుంది గనుక మొదటి బూట్‌కు చాలా నిమిషాలు పట్టవచ్చు. తెర నల్లగా ఉందని కంగారుపడి కరెంటు తీసేయవద్దు.

ఎర్రర్ బి3కి వెళ్తే, అంటే అదే సీరియల్ నంబరు వెంట నడిస్తే, లోపం మాడ్యూల్‌ది. ఎర్రర్ ఏ3లోనే ఉండిపోయి, అక్కడికి కొత్తగా వచ్చిన మంచి మాడ్యూల్ కూడా తప్పు చూపడం మొదలుపెడితే లోపం స్లాట్‌లోనో, బోర్డులోనో, ప్రాసెసర్ సాకెట్‌లోనో ఉంది. ఈ స్థితిలో ఎన్ని కొత్త మాడ్యూళ్లు కొన్నా డబ్బు వృథా. ఎర్రర్ రెండుచోట్లా మాయమైతే కాంటాక్టు సమస్య అయి ఉండవచ్చు, అయితే ఆ తీర్పు ఇవ్వడానికి తొందరపడకూడదు. అంతకుముందు ఎర్రర్లు ఎంత ఎడంతో వచ్చేవో, దానికి కనీసం మూడు నాలుగు రెట్ల కాలం గమనించాలి. వారానికొకసారి వచ్చే తప్పు రెండు రోజులు రాకపోవడంలో విశేషమేమీ లేదు.

దిద్దలేని ఎర్రర్ చూపిన మాడ్యూల్‌తో, అందులోనూ రోగుల రికార్డులు గానీ బిల్లింగ్ గానీ నడిచే యంత్రంలో, ఈ ప్రయోగం చేయవద్దు. ఆ మాడ్యూల్‌ను తీసేసి, తయారీదారు చెప్పిన అమరిక నియమాల ప్రకారం అవసరమైతే దాని జతను కూడా తీసి, తక్కువ మెమరీతో నడుపుకోవడం క్షేమం.

ఆరవ మెట్టు: ఒత్తిడి పెట్టి పరీక్షించడం

మెమ్‌టెస్ట్86 ప్లస్‌ను యూఎస్‌బీ నుంచి బూట్ చేసి నడపడం అందరికీ తెలిసిన పద్ధతే. ఈసీసీ ఉన్న సర్వర్‌లో దీనికి ఒక పరిమితి ఉంది. ఒక్క బిట్ తప్పును హార్డ్‌వేర్ ముందే దిద్దేస్తుంది కాబట్టి, పరీక్ష కార్యక్రమానికి సరైన సమాచారమే అందుతుంది, తెర మీద "పాస్" అని వస్తుంది. పరీక్ష జరిగినంతసేపూ బీఎంసీ లాగ్‌లో ఎర్రర్లు పెరుగుతూనే ఉండవచ్చు. కాబట్టి పరీక్ష ఫలితాన్ని తెర మీద కాక బీఎంసీ లాగ్‌లో చదవాలి. వందల జీబీల మెమరీకి ఒక్క విడత పూర్తి కావడానికే గంటలు పడుతుంది. శనివారం రాత్రి మొదలుపెట్టి ఆదివారం చూడటం అనుకూలం.

సర్వర్‌ను ఆపడం కుదరని చోట గూగుల్ ఇంజనీర్లు తయారుచేసిన స్ట్రెస్‌యాప్‌టెస్ట్‌ను లినక్స్‌లోనే నడపవచ్చు. అది మెమరీ మీద నిజమైన పనిభారంలాంటి రద్దీని పెడుతుంది. ఖాళీగా ఉన్న మెమరీలో కొంత వదిలి మిగతాదానికే కేటాయించండి, లేకపోతే కెర్నల్ మెమరీ చాలక ఇతర ప్రోగ్రాములను ఆపేస్తుంది.

ఏడవ మెట్టు: లెక్క సున్నా చేయడం

కారణం తేలి, మాడ్యూల్ మార్చడమో మరమ్మతో జరిగాకే లాగ్ చెరపాలి. పాత లాగ్ ఫైలు సర్వర్ బయట మరో చోట భద్రంగా ఉందని చూసుకున్నాక, ఐపీఎంఐటూల్‌లో "సెల్ క్లియర్", డెల్ ర్యాక్‌ఆడమ్‌లో "సీఎల్‌ఆర్‌సెల్" ఆదేశంతో బీఎంసీ లాగ్ ఖాళీ అవుతుంది. హెచ్‌పీఈ ఐలోలో ఆ ఎంట్రీని మరమ్మతు అయినట్టు గుర్తిస్తే చాలు, చరిత్ర చెరపనక్కర్లేదు. నా దృష్టిలో ఇదే మెరుగైన పద్ధతి. సిస్కో యూసీఎస్‌లో సర్వర్ పరిధిలోకి వెళ్లి "రీసెట్-ఆల్-మెమరీ-ఎర్రర్స్" ఇచ్చి, "కమిట్-బఫర్" కూడా ఇవ్వాలి. రెండవది ఇవ్వకపోతే మొదటిది అమలు కాదు. లినక్స్‌లో ఎడాక్ కింద ప్రతి మెమరీ కంట్రోలర్‌కూ ఉండే రీసెట్ కౌంటర్స్ ఫైలులో ఏదైనా విలువ రాస్తే లెక్కలు సున్నాకు వస్తాయి. రాస్‌డీమన్ డేటాబేస్‌ను మాత్రం చెరపవద్దు.

చెరిపాక మూడు విషయాలు చూడాలి. మొత్తం మెమరీ పూర్తిగా కనిపిస్తోందా అన్నది మొదటిది: 256 జీబీ ఉండవలసిన చోట 224 జీబీ కనిపిస్తే, 32 జీబీ మాడ్యూల్ ఒకటి సరిగా దిగలేదు, లేదా బయోస్ దాన్ని ముందే ఆపేసి ఇంకా తిరిగి చేర్చుకోలేదు. అన్ని మాడ్యూళ్లూ ఒకే వేగంతో నడుస్తున్నాయా అన్నది రెండవది. చెరిపిన కొన్ని నిమిషాల్లోనే అదే హెచ్చరిక తిరిగి వచ్చిందా అన్నది మూడవది. వస్తే లోపం ఇంకా బతికే ఉంది, మూడవ మెట్టుకు తిరిగి వెళ్లాలి.

కొత్త మాడ్యూల్ కొనేటప్పుడు

దుకాణంలో "32 జీబీ డీడీఆర్4" అని అడిగితే డెస్క్‌టాప్ మాడ్యూల్ చేతికి రావచ్చు. లేబుల్ మీద ర్యాంకు, చిప్ వెడల్పు, వేగం ఉంటాయి. 2ఆర్‌ఎక్స్4 అంటే రెండు ర్యాంకులు, నాలుగు బిట్ల చిప్‌లు. పీసీ4-25600 అంటే 3200 వేగం. రిజిస్టర్డ్ మాడ్యూల్‌ను, అన్‌బఫర్డ్ మాడ్యూల్‌ను ఒకే సర్వర్‌లో కలపకూడదు. పాత మాడ్యూల్ ఫోటో తీసుకెళ్లి పార్ట్ నంబరుతోనే అడగండి. సెకండ్ హ్యాండ్ కొంటే, ఆరవ మెట్టులోని పరీక్ష అయ్యేదాకా వాపసు తీసుకుంటానని బిల్లు మీద రాయించుకోండి.

గది సంగతి

డీర్యామ్ (మాడ్యూల్‌లోని మెమరీ) చిప్ ఉష్ణోగ్రత 85 డిగ్రీలు దాటితే అందులోని సమాచారాన్ని రెట్టింపు వేగంతో తాజా చేస్తూ ఉండాలి, అంటే మాడ్యూల్ అంచున నడుస్తోందన్నమాట. సర్వర్‌లోకి వెళ్లే గాలి 18 నుంచి 27 డిగ్రీల మధ్య ఉండాలన్నది ఏసీ, శీతలీకరణ ఇంజనీర్ల అమెరికా సంఘం ఆశ్రే సిఫారసు. విజయవాడలో మే నెలలో బయట 45 దాటే రోజులుంటాయి. ఆ రోజుల్లో ఒక్క ఏసీ మీద ఆధారపడిన గది, ఏసీ ఆగిన కొద్దిసేపటికే హద్దు దాటుతుంది. కరెంటు ఖర్చు కోసం రాత్రి ఏసీ ఆపి ఉదయం వేసే పద్ధతి అంతకన్నా హాని. రోజూ వేడెక్కి చల్లారే క్రమంలో కాంటాక్టులు వ్యాకోచించి సంకోచించి వదులవుతాయి. బీఎంసీలో లోపలికి వచ్చే గాలి ఉష్ణోగ్రతకు హెచ్చరిక హద్దు పెట్టి, అది ఫోన్‌కు మెయిల్‌గా వచ్చేలా అమర్చుకోండి.

సర్వర్ గది రిజిస్టరులో మార్చిన తేదీ, పాత, కొత్త సీరియల్ నంబర్లు, స్లాట్, చెరపడానికి ముందు ఉన్న లెక్క రాసి సంతకం చేయించండి. మరుసటి రోజు, వారం తర్వాత, నెల తర్వాత లెక్క చూసి అదే వరుసలో నమోదు చేయాలి. నెలాఖరుకు కూడా సున్నాగా ఉంటే ఆ కేసు మూసివేయవచ్చు. తీసిన మాడ్యూల్‌ను యాంటీ-స్టాటిక్ సంచిలో పెట్టి, సీరియల్ నంబరు, తప్పు రకం రాసిన చీటీని అతికించి, మంచి మాడ్యూళ్లతో కలవకుండా విడిగా ఉంచండి. వారంటీ ఇంజనీరు వచ్చినప్పుడు ఆ సంచిని, మొదటి మెట్టులో దించుకున్న లాగ్ ఫైలును కలిపి ఇవ్వండి.